వాషింగ్టన్ గారి వేటకుక్కలు – ముప్పై డాలర్ల పెన్షను



ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి వ్రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు ఫోను చేశారు. గాంధీ గారి గురించి, విశ్వేశ్వరయ్య గారి గురించి, కాటన్ దొర గురించి నాకంటే బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను 1967 నుంచి 2004 వరకు కాలువల సర్వేలో పనిచేసినవాణ్ణి. కాబట్టి నాలాగే సర్వే గొలుసు పట్టుకుని బ్రతుకు ప్రారంభించిన ఒకాయనను ఎంచుకున్నాను. ఆయన జార్జి వాషింగ్టన్.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా వర్జీనియాలో ఉంటున్నాడు. అక్కడికి వెళ్ళినప్పుడు పొటోమాక్ నది ఒడ్డున ఉన్న మౌంట్ వెర్నన్ అనే వాషింగ్టన్ గారి ఇల్లు చూపించాడు. ఇల్లు చూశాక ఆయన గురించి చదవాలనిపించింది. యుద్ధాలు, రాజ్యాంగం, అధ్యక్ష పదవి సంగతులు మన పిల్లల పాఠ్యపుస్తకాలలోనే ఉన్నాయి. నన్ను ఆకట్టుకున్నవి మాత్రం వేరే రెండు సంగతులు. ఎంత పనిలో ఉన్నా ఏటా శీతకాలం రాగానే కుక్కలతో వేటకు ఆయన తీరిక చేసుకునేవారు. ఆ వేటలో ఆయన వెంట నడిచిన ఒక మనిషికి చివరికి పెన్షను ఏర్పాటు చేశారు. ఈ రెండు సంగతులే మీతో పంచుకుంటాను.

గొలుసు పట్టిన కుర్రవాడు

వాషింగ్టన్ 1732 ఫిబ్రవరి 22న వర్జీనియాలో పుట్టారు. పదకొండేళ్ళ వయసులో, 1743లో, తండ్రి పోయారు. పై చదువులకు ఇంగ్లండు వెళ్ళే యోగం లేకపోయింది. సవతి అన్న లారెన్సు గారి అండ, పొరుగున ఉన్న ఫెయిర్‌ఫాక్స్ జమీందారీ కుటుంబం ఆదరణ ఉన్నాయి కాబట్టి కొలత పని నేర్చుకున్నారు. 1748లో పదహారేళ్ళ వయసులో కొండలు దాటి సర్వే క్యాంపుకు వెళ్ళారు. మరుసటి ఏడు ఒక కౌంటీకి అధికారిక సర్వేయరు అయ్యారు. జీవితం మొత్తం మీద సుమారు రెండు వందల సర్వేలు చేశారట. క్యాంపులో దుప్పటి కప్పుకుని నేలమీద పడుకోవడం, వాన వస్తే పుస్తకం తడవకుండా చూసుకోవడం మనలో ఆ పని చేసినవారికి వేరే చెప్పక్కరలేదు.

ఆ ఫెయిర్‌ఫాక్స్ వారిలో పెద్దాయన లార్డ్ ఫెయిర్‌ఫాక్స్. ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడ్డ ప్రభువు. నక్కల వేట అంటే ఆయనకు ప్రాణం. కుర్రవాడైన వాషింగ్టన్‌కు ఆ సరదా అక్కడే అంటుకుంది.

1752లో అన్నగారు కన్నుమూశారు. కొంతకాలానికి మౌంట్ వెర్నన్ ఈయన చేతికి వచ్చింది. సరిహద్దు యుద్ధంలో కొన్నేళ్ళు పనిచేసి, 1758లో సైన్యం వదిలి, 1759 జనవరిలో మార్తా కస్టిస్ అనే ధనిక వితంతువును పెళ్ళి చేసుకుని వ్యవసాయంలో పడ్డారు. పొగాకు మానేసి గోధుమ పెంచారు. ఆస్తి పెరుగుతూ పోయి చివరికి సుమారు 8 వేల ఎకరాలయింది. ఆ భూమిని దున్నినదంతా బానిసలు. ఈ మాట దాచి ఆయన కథ చెప్పడం న్యాయం కాదు.

తీరిక లెక్క

1768 నుంచి ఆయన డైరీకి ఒక శీర్షిక పెట్టుకున్నారు. తన కాలం ఎక్కడ, ఎలా ఖర్చయిందో వ్రాసుకునే పద్దు అని దాని భావం. మనం క్యాంపు డైరీ వ్రాసినట్టే రోజుకు ఒక వరుస, రెండు వరుసలు. ఆ ఏడు జనవరి, ఫిబ్రవరి నెలల పేజీలు తిరగేస్తే వేటకు వెళ్ళినట్టు మాటిమాటికీ కనిపిస్తుంది. ఫలానావారితో వెళ్ళాను, నక్క దొరికింది, లేదా దొరకలేదు, ఇంతే. అలంకారాలేమీ ఉండవు. దొరకని రోజులు కూడా దాచుకోలేదు.

వేటకు శీతకాలమే ఎందుకంటే, కోతలైపోయి చేలు ఖాళీగా ఉంటాయి. ఆకులు రాలి అడవి పలచబడుతుంది. తడి నేలమీద వాసన నిలుస్తుంది. ఈ వేటలో తుపాకి పని లేదు. ఇరవై ముప్పై కుక్కలు నక్క వాసన పట్టి మొరుగుతూ పరుగెడతాయి. మనుషులు గుర్రాల మీద కంచెలు, వాగులు దాటుతూ వెంబడిస్తారు. అక్కడి బూడిదరంగు నక్క చెట్టు కూడా ఎక్కుతుంది. గంటల తరబడి పరుగెత్తి ఉత్త చేతులతో ఇంటికి రావడం మామూలే.

ఆయన దత్తమనుమడు పెద్దవాడయ్యాక వ్రాసిన జ్ఞాపకాలలో ఆ రోజుల సంగతులు చాలా ఉన్నాయి. సీజనులో వారానికి మూడు రోజులు వేట. ఇంకా చీకటి ఉండగానే దీపం వెలుగులో మొక్కజొన్న రొట్టె, పాలు తీసుకుని తెల్లవారేసరికి గుర్రం ఎక్కేవారు. నీటి ఊట ఉన్న చోట కుక్కలశాల కట్టించి ఉదయం, సాయంత్రం తానే వెళ్ళి చూసేవారు. కుక్కలన్నీ ఒకే వేగంతో పరుగెత్తాలని ఆయన పట్టుదల. పరుగెత్తే గుంపు మీద ఒక దుప్పటి పరచవచ్చుననిపించేటంత దగ్గరగా అవి పోవాలట.

ప్రతి కుక్కకు పేరు, ప్రతి ఈతకు లెక్క. మ్యూజిక్, ట్రూలవ్, స్వీట్ లిప్స్, సింగర్, వల్కన్, రింగ్‌వుడ్ వంటివి ఆ పేర్లు. తాగుబోతు అని అర్థం వచ్చే పేర్లు కూడా ఒకటి రెండు పెట్టారు. గంభీరంగా, పెదవి విప్పని మనిషిగా బొమ్మల్లో కనిపించే ఆయన కుక్కల పేర్ల దగ్గర మాత్రం సరదా మనిషి.

వెనుక గుర్రం మీది మనిషి

వేటలో కుక్కలను నడిపే పని ఒకరిది. గుంపుకు అందరికంటే దగ్గరగా ఉండేది ఆయన. వీపున కొమ్ముబూర కట్టుకుని, పొదలలోనుంచి గుర్రాన్ని దూకించి కుక్కల వెంట పోయేవాడు. ఆయన పేరు విలియం లీ. అందరూ విల్లీ, బిల్లీ అనేవారు. 1768లోనే వాషింగ్టన్ ఆయనను 61 పౌన్ల 15 షిల్లింగులకు వేలంలో కొన్నారు. తమ్ముడు ఫ్రాంక్ కూడా ఆ వేలంలోనే వచ్చాడు. మనిషి ధర అణా పైసలతో సహా ఖాతా పుస్తకంలో ఉంది.

ఒక నల్ల నక్క ఆ చుట్టుపక్కల ఉండేదట. పది ఇరవై మైళ్ళు కుక్కలను తిప్పి మళ్ళీ బయలుదేరిన చోటికే వచ్చి, మర్నాడు తిరిగి సవాలు చేసేది. అది దయ్యానికి చుట్టం, దాని జోలికి పోవద్దు అని లీ సలహా ఇచ్చాడని, దొరగారు ఆ సలహా విని దాన్ని వదిలేశారని మనుమడు వ్రాశాడు. క్యాంపులో ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో ఇంజనీరు కంటే చైన్‌మన్‌కు బాగా తెలిసినట్టే ఇదీను.

యుద్ధభూమిలో ఒక కుక్క

1775లో వాషింగ్టన్ సేనాపతి అయ్యారు. ఎనిమిదేళ్ళు వేట లేదు, ఇల్లు లేదు. లీ మాత్రం ఆయన వెంటే ఉన్నాడు. వ్యాలీ ఫోర్జ్ మంచులోను, యార్క్‌టౌన్ విజయంలోను ఆయన గుర్రం దొరగారి గుర్రం పక్కనే నిలిచింది. దుర్భిణి అందించడం, కాగితాలు భద్రపరచడం ఆయన పని.

1777 అక్టోబరులో జర్మన్‌టౌన్ యుద్ధం ఓడిన రెండు రోజులకు ఒక చిత్రమైన సంఘటన జరిగింది. శత్రు సేనాపతి హౌ గారి పేరు మెడపట్టీ మీద ఉన్న ఒక కుక్క అమెరికన్ల శిబిరంలోకి వచ్చింది. వాషింగ్టన్ దాన్ని మర్యాదగా ఒక చీటీ జతచేసి యజమానికి తిప్పి పంపారు. కుక్క యజమాని శత్రువే కావచ్చు, కుక్క కాదు కదా. కుక్కలు పెంచినవారికి ఆ మనసు అర్థమవుతుంది.

ఫ్రాన్సు నుంచి ఏడు కుక్కలు

1783 డిసెంబరు 23న సేనాపతి పదవికి రాజీనామా ఇచ్చి క్రిస్మస్ ముందురోజున ఇల్లు చేరారు. మన భాషలో పదవీ విరమణ. అప్పటికి ఆయన వయసు 51. మళ్ళీ పొలాలు, మళ్ళీ కుక్కలశాల.

యుద్ధంలో కుడిభుజంగా ఉన్న ఫ్రెంచి వీరుడు లాఫాయెట్ ఆ సరదా తెలిసి 1785లో ఫ్రాన్సు నుంచి ఏడు వేటకుక్కలను పంపాడు. మూడు మగవి, నాలుగు ఆడవి. సముద్రం మీద వాటిని వెంట తెచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు జాన్ క్విన్సీ ఆడమ్స్. తరువాత 1825లో ఆయనే అమెరికా ఆరవ అధ్యక్షుడయ్యాడు.

ఆ ఫ్రెంచి కుక్కలు భారీవి, కోపిష్టివి. తిండి పెట్టేటప్పుడు మనిషి దగ్గర నిలబడకపోతే ఒకదాన్నొకటి చీల్చుకునేవి. ఒకనాడు బంధువులు భోజనానికి వచ్చిన సమయంలో వల్కన్ వంటింట్లోకి దూరి పంది తొడ మాంసం మొత్తం నోట కరుచుకుని పారిపోయింది. వంటవారు కర్రలు పుచ్చుకుని తరిమినా లాభం లేకపోయింది. మార్తమ్మ గారికి ఒళ్ళు మండిపోయింది, వాషింగ్టన్ గారు మాత్రం అతిథులతో కలిసి హాయిగా నవ్వారట. ఆయన నవ్విన సందర్భాలు చరిత్రలో తక్కువే కాబట్టి ఇది చెప్పాలనిపించింది. అమెరికన్ ఫాక్స్‌హౌండ్ అనే నేటి జాతి కుక్కలు పుట్టడంలో ఆయన పెంపకానికీ వాటా ఉందని అక్కడివారు చెప్పుకుంటారు.

రెండు మోకాళ్ళు

ఆ కుక్కలు వచ్చిన సంవత్సరమే, నాలుగు నెలల ముందు, ఏప్రిల్లో వాషింగ్టన్ తన భూమి ఒకటి సర్వే చేయడానికి లీని వెంట తీసుకువెళ్ళారు. గొలుసు పనిలో లీ జారిపడి మోకాలి చిప్ప పగిలింది. నిలబడలేడు, నడవలేడు, గుర్రం ఎక్కలేడు. స్లెడ్జి బండి తెప్పించి దాని మీద ఇల్లు చేర్చారు. 1788 మార్చిలో తపాలా పని మీద అలెగ్జాండ్రియా వెళ్ళి అక్కడ మళ్ళీ పడితే రెండో మోకాలు కూడా పోయింది. వేటలో పొదలు దూకించిన మనిషి కర్రల మీదికి వచ్చాడు.

1789లో వాషింగ్టన్ అధ్యక్షుడై న్యూయార్కు వెళ్ళినప్పుడు తానూ వస్తానని లీ పట్టుబట్టాడు. దారిలో ఫిలడెల్ఫియాలో వైద్యం చేయించి, కాలికి ఇనుప పట్టా కట్టించి ఆయనను రానిచ్చారు. కాని ఆ కాళ్ళతో పని సాగలేదు. మరుసటి ఏడు మౌంట్ వెర్నన్ తిరిగి వచ్చి కూర్చుని చెప్పులు కుట్టే పనిలో కుదురుకున్నాడు. పాత సైనికులు దొరగారి ఇంటికి వచ్చినప్పుడు ఆ చెప్పుల పాకలోకి కూడా వెళ్ళి ఆయనను పలకరించి పోయేవారు.

వాషింగ్టన్ గారి వేట కూడా ఆ సంవత్సరాలలోనే ముగిసింది. పదవి రాగానే తీరిక పోయింది. ఆ కాలంలో ఆయన చేసినవన్నీ మెచ్చుకోదగినవి కావు. గొర్రెలను కుక్కలు చంపుతున్నాయని, రాత్రి దొంగతనాలకు అవి తోడవుతున్నాయని, బానిసలెవరూ కుక్కను పెంచరాదని, పెంచితే దాన్ని ఉరి తీయాలని 1792లో తన మేనేజరుకు ఉత్తరం వ్రాశారు. తన కుక్కలకు ముద్దు పేర్లు పెట్టుకున్న చేతితోనే ఆ ఉత్తరం కూడా వ్రాశారు. 1796లో ఓనా జడ్జ్ అనే బానిస యువతి ఆయన ఇంటి నుంచి తప్పించుకుని స్వేచ్ఛగా బ్రతకడానికి వెళ్ళిపోతే, ఆమెను పట్టి తెప్పించడానికి ప్రయత్నాలు చేశారు. మహనీయుల జీవితం చదివేటప్పుడు ఇటువంటి పేజీలు దాటవేయకూడదని నా అభిప్రాయం.

వీలునామా

1797లో రెండవసారి పదవీ విరమణ చేశారు. 1799 జులైలో తన వీలునామా తానే వ్రాసుకున్నారు. అప్పటికి మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలున్నారు. వారిలో తన సొంతానికి చెందిన 123 మందికి భార్య మరణానంతరం విడుదల అని వ్రాశారు. ముసలివారిని, పనిచేయలేనివారిని బ్రతికినంతకాలం తిండి, బట్ట ఇచ్చి వారసులు పోషించాలని కూడా శాసించారు. ఆ చెల్లింపులు 1830ల ఆరంభం వరకు సాగాయి. మార్తమ్మ మొదటి భర్త ఎస్టేటుకు చెందిన 153 మందికి మాత్రం ఆ అదృష్టం లేకపోయింది. వారు ఆమె మనుమలకు ఆస్తిగా పోయారు.

ఒకే ఒక్కరికి వెంటనే, ఏ షరతూ లేకుండా స్వేచ్ఛ ఇచ్చారు. ఆ ఒక్కరు విలియం లీ. కాళ్ళు పోయాయి కాబట్టి ఇక్కడే ఉంటానంటే ఉండవచ్చు, పోతానంటే పోవచ్చు, నిర్ణయం ఆయనది. ఏది ఎంచుకున్నా బ్రతికినంతకాలం ఏటా 30 డాలర్లు. ఇప్పటివరకు ఇస్తున్న తిండి, బట్ట అందులో కోత కాదు, అవి అదనం. యుద్ధకాలంలో చేసిన నమ్మకమైన సేవకు గుర్తింపుగా ఇస్తున్నానని కారణం కూడా వ్రాశారు. పి.పి.ఓ.లో ఉండవలసినవన్నీ అందులో ఉన్నాయి.

ఆ ఏడు డిసెంబరు 12న మంచులో, వానలో గుర్రం మీద పొలాలు తిరిగి వచ్చిన వాషింగ్టన్‌కు గొంతు పూడుకుపోయింది. వైద్యులు ఆనాటి పద్ధతిలో రక్తం తీశారు. 14వ తేదీ రాత్రి కన్నుమూశారు. మిగతా 123 మందిని మార్తమ్మ గారు తన మరణం దాకా ఆపకుండా 1801 జనవరి 1న విడుదల చేశారు. లీ మౌంట్ వెర్నన్‌లోనే ఉండిపోయి, పదేళ్ళ పైచిలుకు ఆ పెన్షను తీసుకుని, 1810 ప్రాంతంలో పోయాడు.

వాషింగ్టన్ సమాధికి కొద్ది దూరంలో బానిసల శ్మశానం ఉంది. రాళ్ళు లేవు, పేర్లు లేవు, చెట్లున్నాయి. 1983లో కట్టిన ఒక స్మారకం ఉంది. మా అబ్బాయి ఫొటోలు తీస్తుంటే నేను అక్కడి బెంచీ మీద కూర్చున్నాను. అప్పుడు నాకు గుర్తుకు వచ్చింది మా చైన్‌మన్.

నా డైరీలో ఒక పేజీ

ఆయన పేరు వ్రాయను. పిల్లలున్నారు. 1983 నుంచి నా సెక్షనులో దినకూలీ మీద చైన్ లాగాడు. నాకంటే పెద్దవాడు. రెండు కుక్కలు క్యాంపు దాకా ఆయన వెంట వచ్చేవి, సాయంత్రం పని దిగాక గుడారం ముందు పడుకునేవి. సంక్రాంతి వెళ్ళిన తరువాత ఏటా వారం రోజులు ఊరికి పోయేవాడు. కోతలైపోయాక ఊరివారంతా కుక్కలతో కుందేళ్ళ వేటకు వెళ్ళడం వారి తాతల నాటి అలవాటు. 1972 వన్యప్రాణి చట్టం తరువాత అది తప్పు. నేను అదే చెప్పేవాణ్ణి. కుందేలు దొరకడం కాదయ్యా, అన్నదమ్ములందరం కలిసి నడిచేది ఆ వారమే అని ఆయన నవ్వేవాడు. నేను వెళ్ళిరమ్మని, మస్టరు రోల్లో ఆ వారం గీత కొట్టేవాణ్ణి. పని లేదు, కూలి లేదు.

1994లో జీ.ఓ. 212 వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళు ఎడతెగకుండా పనిచేసిన దినకూలీలను పర్మినెంటు చేయడానికి వచ్చిన ఆ జీ.ఓ. మనలో అందరికీ గుర్తే. ఆయన కాగితాలు పరిశీలించినప్పుడు ఏటా ఆ వారం గీత సర్వీసు తెగినట్టు కనిపించింది. అది సెలవు మీద వెళ్ళినదే, పని మానినది కాదు అని సెక్షను చూసిన అధికారి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ అధికారిని నేనే. అప్పటికి నాకు వేరే ఊరికి బదిలీ అయింది. ఉత్తరం నా చేతికి వచ్చింది. రేపు వ్రాద్దాం, ఎల్లుండి వ్రాద్దాం అనుకున్నాను. అమ్మాయి పెళ్ళి పనులు వచ్చాయి. నాలుగు నెలల తరువాత వ్రాసి పంపాను. అప్పటికి జాబితా వెళ్ళిపోయింది.

ఆయన నన్నెప్పుడూ అడగలేదు. నేను రిటైరయినప్పుడు దండ పట్టుకుని వచ్చాడు. 2009లో కూలివాడుగానే పోయాడు. కుటుంబ పెన్షను లేదు, గ్రాట్యుటీ లేదు. తప్పు ఏ ఆఫీసుదీ కాదు, నా బల్ల మీద నాలుగు నెలలు పడుకున్న కాగితానిది, అంటే నాది.

వాషింగ్టన్ తన తీరికను డైరీలో వ్రాసుకుంటే అది చరిత్ర అయింది. మా చైన్‌మన్ తీరికను నేను మస్టరులో వ్రాస్తే అది సర్వీసులో తెగుదల అయింది. వాషింగ్టన్ గారికి ఎన్ని లోపాలున్నా ఒక పని మాత్రం ఆలస్యం చేయలేదు. తన వెనుక గుర్రం మీద వచ్చిన మనిషికి రావలసినది, తాను కన్ను మూయకముందే, తన చేతితో, పేరుతో సహా వ్రాసి పెట్టారు. ముప్పై ఏళ్ళ బానిసత్వానికి ఏటా ముప్పై డాలర్లు ఏ లెక్కన చూసినా తక్కువే. కాని వ్రాసి పెట్టినది అందింది. నేను చేయవలసిన మంచి మనసులోనే ఉండిపోయింది, అందలేదు.

మిత్రులారా, మనకు ఇప్పుడు తీరిక ఉంది. మన దగ్గర పనిచేసిన కూలీలలో, ప్యూన్లలో, వాచ్‌మన్లలో ఎవరికైనా మన సంతకం, మన సాక్ష్యం అవసరమేమో ఒకసారి ఆలోచించండి. మన ఇంట్లో కూడా నామినేషను, కుటుంబ పెన్షను కాగితాలు, పుట్టిన తేదీలు సరిగా ఉన్నాయో లేవో ఈ వారమే చూసుకోండి. కాగితాలు వ్రాయడం చేతకానివారెవరైనా వస్తే సంఘం ఆఫీసులో కూర్చుని వ్రాసి పెట్టడానికి నేను ప్రతి మంగళవారం ఉదయం వస్తానని కార్యదర్శి గారికి మాట ఇచ్చాను. వేటకు వెళ్ళే వయసు కాదు కాబట్టి నా తీరిక ఇలా ఖర్చు చేయదలచుకున్నాను.